టోపీ మీద పడిన నింద

జుట్టు రాలుతోందని నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కుర్చీలో కూర్చోగానే మొదట నా తల వైపు చూసేవాళ్లు. తర్వాత తోడొచ్చిన వాళ్ల వైపు చూసేవాళ్లు. ఆ రెండో చూపుకు అర్థం నాకు బాగా తెలుసు. నేను చర్మవ్యాధుల డాక్టరును. జుట్టు సంగతి కూడా మేమే చూడాలి. నా నెత్తి మీద మాత్రం పెళ్లినాటికే సగం ఖాళీ, ఉద్యోగం ఖాయమయ్యేసరికి మొత్తం ఖాళీ. మా ఆవిడ ఈ రోజుకీ నా హెల్మెట్‌నే తిడుతుంది. సాగర్ రోడ్డు మీద అన్నేళ్లు స్కూటరు నడిపి, ఆ డొప్ప కింద జుట్టంతా ఉడకబెట్టుకున్నానట. నేను ఎన్నిసార్లు సైన్సు చెప్పినా ఆమె ముందు పనిచేయలేదు. అందుకే, కొత్తగా డాక్టర్లయిన మీకు ఈ సంగతి చెబుతున్నాను. జన్యువుల గురించి పుస్తకంలో చదవడం వేరు, కొంగు కప్పుకుని ఎదురుగా కూర్చున్న ఒక అత్తగారికి చెప్పడం వేరు.

అప్పుడు నేను ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఉన్నాను. అదే నా చివరి పోస్టింగ్. నా ఓపీలో ఒక హెడ్ సిస్టర్ ఉండేది. నాకంటే కొంచెం చిన్నది, నోటికి మాత్రం నాకంటే చాలా పెద్దది. ఎత్తుగా, నల్లగా నిగనిగలాడే కొప్పు పెట్టుకుని వచ్చేది. ఆ కొప్పు ఇచ్చిన ధైర్యంతో నా తల మీద రోజుకో మాట విసిరేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు, అందరి జుట్టుకు మందు రాసే సారుకే జుట్టు లేకపాయె అని పేషెంట్ల ముందే అనేది. వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లు భయం లేకుండా రోగం చెప్పుకుంటారు కాబట్టి నేనూ ఊరుకునేవాణ్ని.

ఒక రోజు యాచారం వైపు నుంచి ఒక పెద్దామె, ఆమె కోడలు వచ్చారు. పెద్దామె నెత్తి నిండా కొంగు కప్పుకుని ఉంది. కూర్చుంటూనే చేతిలోని ప్లాస్టిక్ కవరు నా బల్ల మీద పెట్టింది. విప్పి చూస్తే నిండా వెంట్రుకలు. దువ్వెనకు వచ్చినవి, దిండు మీద దొరికినవి, స్నానాల గదిలో జాలికి చిక్కినవి, అన్నీ పోగుచేసి తెచ్చింది. వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే అతను వాడలోకి వచ్చి అడిగినా ఇవ్వలేదట, డాక్టరుకు సాక్ష్యం కావాలని. హెడ్ సిస్టర్ ఆ కవరు ఎత్తి చూసి, దీనికి రెండు గిన్నెలన్నా వచ్చేవి, పోగొట్టుకున్నవ్ కదమ్మా అంది.

పెద్దామె నవ్వలేదు. ఫిర్యాదు మొదలుపెట్టింది. కోడలు కొంగరకలాన్ దిక్కు కొత్తగా వచ్చిన కంపెనీల్లో ఒకదాంట్లో పనిచేస్తుంది. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ ముక్కలు అతికే పని. దుమ్ము పడకూడదని అక్కడ పొద్దంతా తలకు టోపీ పెట్టుకోవాలి. ఆ టోపీ వల్లే జుట్టు పోతోందని ఆమె తీర్పు. తీర్పు ఇంట్లోనే అయిపోయింది, నేను సంతకం పెడితే చాలన్నట్టు కూర్చుంది.

అమ్మాయికి పాతికేళ్ల లోపే ఉంటాయి. తల దించమని పాపిట చూశాను. నుదుటి దగ్గర జుట్టు అంచు చక్కగా ఉంది. నడినెత్తిన మాత్రం పాపిట వెడల్పయింది, దాని రెండు పక్కలా వెంట్రుకలు సన్నబడ్డాయి. వెనక వైపు పాపిట తీసి చూస్తే అక్కడ జుట్టు దట్టంగానే ఉంది. ముందు పాపిటనూ వెనక పాపిటనూ ఇలా పోల్చి చూడటం మా పద్ధతి. టోపీ ఒరుసుకుని పోయేదైతే అంచుల్లో పోవాలి. పైగా ఆ టోపీ పెట్టుకునే అమ్మాయిలందరికీ పోవాలి. అందరికీ పోతోందా అని అడిగితే, లేదు సార్, నాకే అంది అమ్మాయి. రక్త పరీక్షలు చేయించి, రిపోర్టులతో మళ్లీ రమ్మన్నాను. రక్తహీనత లేదు, థైరాయిడ్ బాగానే ఉంది. ఇక మిగిలింది వంశం.

ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగాను. అమ్మాయి నోరు తెరిచేలోపే పెద్దామె కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుని, మా ఇంట్ల ఎవ్వరికి లేదు అంది. అప్పుడే తెలిసింది, ఆమె అత్త మాత్రమే కాదు, అమ్మాయికి మేనత్త. సొంత అన్న బిడ్డనే కొడుక్కి చేసుకుంది. నీ తండ్రి జుట్టు ఎలా ఉంటుందని అడిగితే అమ్మాయి ముసిముసిగా నవ్వి, బాపుకు మొత్తం బట్టతలే సార్ అని నా తల చూసి ఠక్కున నోరు మూసుకుంది.

"మగోళ్ల ముచ్చట మనకెందుకు సారూ," అంది మేనత్త. "మగోనికొస్తే బట్టతల, ఆడపిల్లకొస్తే రోగం. రెండు ఒక్కటెట్లయితయ్?"

రెండూ చుట్టాలే అని చెప్పబోయాను. ఇది తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి రావచ్చు, చాలాసార్లు ఇద్దరి నుంచీ కొంచెం కొంచెం వస్తుంది, ఒక్క జన్యువు వల్లే వచ్చేది కాదు, తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు చాలా జన్యువులు కలిసి చేసే పని అన్నాను. నా మటుకు నాకు ఉపన్యాసం బ్రహ్మాండంగా కుదిరింది. పిల్లల సంగతి అడిగి, ఇప్పుడే అనుకోవడం లేదంటే తలకు రాసుకునే మందు రాశాను. మొదట్లో కొన్ని వారాలు వెంట్రుకలు ఇంకాస్త ఎక్కువ రాలతాయి, భయపడి మానొద్దు, ఫలితం కనబడాలంటే నెలలు పడుతుంది అని కూడా చెప్పాను. మేనత్త అన్నిటికీ తలూపింది. తలూపడం వేరు, తలకెక్కడం వేరు అని అన్నేళ్ల సర్వీసులో నాకు తెలియాల్సింది.

కొన్ని వారాల తర్వాత అమ్మాయి ఒక్కతే వచ్చింది. షిఫ్టు దిగి, యూనిఫారంలోనే. కూర్చోగానే ఏడ్చింది. జరిగిందేమిటంటే, మేనత్త చెవికి నా ఉపన్యాసంలో "తల్లి నుంచి" అన్న మొదటి ముక్క ఒక్కటే ఎక్కింది. వాడంతా తిరిగి, సారే చెప్పిండు, తల్లి దిక్కు నుంచి వచ్చిన రోగమట అని చాటింది. ఈ మాట అమ్మాయి తల్లికి చేరింది. ఆమె ఆడబిడ్డ గడప తొక్కనని ఒట్టేసుకుంది. ఈలోగా మందు రాసుకున్నందుకు నేను చెప్పినట్టే జుట్టు కాస్త ఎక్కువ రాలింది. మేనత్త దువ్వెన చూసి, మందు సీసా తీసుకెళ్లి మోరీ కాలువలో గుమ్మరించింది. రోగం తల్లిదైనా దాన్ని పెంచుతున్నది టోపీయేనని తేల్చి, ఈ నెల గడిస్తే నౌకరి బంద్ అని చెప్పేసింది. ఆటో నడుపుకునే భర్త తల్లి మాటకు ఎదురు చెప్పడు.

పోనీ, కొన్నాళ్లు మానితే ఏమవుతుందని నేను తెలివితక్కువ ప్రశ్న వేశాను. వాళ్లకున్న కొద్దిపాటి చెలక పొలం ఫార్మా కంపెనీల కోసం సర్కారు తీసుకున్న భూముల్లో పోయిందట. ఇల్లు ఈ అమ్మాయి జీతం మీద నడుస్తోంది. పైగా కొత్తగా చేరేవాళ్లకు పని నేర్పే బాధ్యత ఈ మధ్యే ఆమెకు అప్పగించారు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఏడుపు ఆపి నిటారుగా కూర్చుంది.

"ఎంటికలు పోతే పోనియ్ సార్," అంది. "నౌకరి పోవద్దు. టోపీది తప్పు లేదని అత్తకు నువ్వే చెప్పాలె."

నేను చెప్పగా జరిగిందే ఇది. మళ్లీ చెబితే ఏమవుతుందో నాకు నమ్మకం లేదు. చీటీ రాసిస్తానంటే, అత్త రాసింది నమ్మదు సార్, చూసిందే నమ్ముతది అంది. అది నాకు మంచి మందులా తోచింది. అయితే చూపిద్దాం అనుకున్నాను. అత్తనూ అమ్మనూ ఇద్దర్నీ తీసుకురమ్మన్నాను. ఇద్దరూ ఒక్క ఆటోలో ఎక్కరు అంది. మరి ఎవరి మాట వింటారంటే, చిన్నత్త మాట వింటారని చెప్పింది. చిన్నత్త అంటే మేనత్తకు సొంత చెల్లెలు, పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ఆమెనూ తెమ్మన్నాను.

అమ్మాయి వెళ్లాక, మేనత్త పాపిట కూడా ఇలాగే ఉందేమోనన్న నా అనుమానం హెడ్ సిస్టర్‌తో చెప్పాను. ఆ మేనత్త కొంగు లాక్కున్న తీరు నాకు గుర్తుంది. కానీ ఆ వయసు ఆడమనిషి పరాయి మగవాడి ముందు కొంగు తీయదు, తీయమనడం మర్యాద కాదు. సిస్టర్ కాసేపు ఆలోచించి, కొంగు సంగతి నాకిడిచిపెట్టు, నువ్వు తెర బయట కూర్చుని నోరు మూసుకో అంది. డాక్టరుకు ఆర్డరు వేయడం ఆమెకు కొత్త కాదు.

చెప్పిన రోజున వాళ్లు వచ్చిన సంగతి నాకు కంటికంటే ముందు చెవికి తెలిసింది. వరండాలో గోల. బయటికి వెళితే అమ్మాయి తల్లి కొప్పు ముడి విప్పేసి, నడుం దిగిన జుట్టు రెండు చేతులా పట్టుకుని లైన్లో ఉన్న పేషెంట్లందరికీ చూపిస్తోంది. గజ్జికి మందు కోసం వచ్చినవాళ్లు గోక్కోవడం మానేసి చూస్తున్నారు.

"ఇగో చూడు సారూ, గుంజి చూడు," అంది నాతో. "గీ తల నుంచి వచ్చిందంటవా నా బిడ్డకు రోగం?"

గుంజకుండానే నమ్మాను. మేనత్త గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. చిన్నత్త ఇద్దరి మధ్య, చెరో చేయి పట్టుకుని. అందరినీ లోపలికి తీసుకెళ్లి, అమ్మాయి తల్లికి చల్లటి నీళ్లిప్పించాను. నేను అన్నది తల్లి నుంచి మాత్రమే కాదమ్మా అని మొదలుపెట్టబోతే సిస్టర్ కళ్లతోనే ఆపింది. నన్ను గదిలోనే తెర ఇవతల గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఆడవాళ్లందరినీ తెర అవతలికి తీసుకెళ్లింది. కాబట్టి ఇక్కడి నుంచి కొంతసేపు నేను చూసింది లేదు, విన్నదే.

సిస్టర్ అంది, సారు ఇటు చూడడు, చూసినా ఆయనకు జుట్టు సంగతి ఏం తెలుస్తది. వాళ్లు కొంచెం నవ్వారు. అందరి పాపిట్లు ఒక్కసారి పక్కపక్కన చూడాలంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు స్టీలు ట్రేలో టిక్కు టిక్కుమని పిన్నులు పడుతున్న చప్పుడు వినబడింది.

"మీరు తీయరు గని, ముందు నేనే తీస్త," అంది సిస్టర్.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అన్నేళ్లు నా నెత్తిని ఆడిపోసుకున్న ఆ నల్లటి కొప్పు సవరం. సొంత జుట్టుకు కలిపి అల్లుకునే పెట్టుడు జుట్టు. గోడ వైపు తిరిగి కూర్చున్నానే గానీ నా ముఖం వెలిగిపోయి ఉంటుంది.

ఆ తర్వాత ఇంకొన్ని పిన్నులు పడ్డాయి. అవి చిన్నత్తవి. చివరికి గాజుల చప్పుడుతో పాటు మెత్తగా ఏదో ట్రేలో పడింది. అది మేనత్త సవరం. అక్కాచెల్లెళ్లు ఒకరి తల ఒకరు చూసుకుంటున్నారని నాకు చెప్పేవాళ్లు లేకపోయినా తెలిసింది.

"నీకు గూడనా అక్కా?" అంది చిన్నత్త. "నా ఒక్కదానికే అనుకున్న."

"నీకెప్పటిసంది చెల్లె?"

"నా పెద్దోడు బడికి పోయినప్పటిసంది. నీకు చెప్పనీకి సిగ్గాయె."

ఒక కడుపున పుట్టి, ఒకే పెళ్లిళ్లకు పక్కపక్కన కూర్చుని, ఇన్నేళ్లుగా ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు. సవరాలు కూడా మన్నెగూడ చౌరస్తాలో ఒకే దుకాణంలో కొన్నారని ఆ తర్వాత తేలింది. ముందు చిన్నత్త నవ్వింది, తర్వాత అమ్మాయి తల్లి, ఆ తర్వాత అందరూ. మేనత్త నవ్వు మాత్రం వినిపించలేదు.

కాసేపటికి, సారును పిలువు అని మేనత్తే అంది. లోపలికి వెళ్లాను. కిటికీ పక్కన బెంచీ మీద మేనత్త, చిన్నత్త, అమ్మాయి వరసగా కూర్చున్నారు. మూడు పాపిట్లూ ఒకే తానులో చింపిన ముక్కలు. నుదుటి దగ్గర నిండుగా, నడినెత్తిన పలచగా. వయసును బట్టి వెడల్పులో తేడా, అంతే. నేనేమీ చెప్పకుండా నిలబడ్డాను. ఉద్యోగంలో నేను చేసిన తెలివైన పనుల్లో అదొకటి.

చిన్నత్తే లెక్క పెట్టుకుంటూ పోయింది. అన్నకు బట్టతల. కండక్టరు పని చేసినన్నాళ్లు టోపీ పెట్టి తిరిగాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మరి నాయిన? నాయిన రుమాలు చుట్టకుండా ఎన్నడూ గడప దాటలేదు. చివరి రోజుల్లో మంచాన పడ్డాక తానే తల తుడిచింది, నెత్తి మీద ఏమీ లేదు. ఇంటిల్లిపాదీ ఎవరి తల వాళ్లు కప్పుకునే బతికారు. ఒకరు రుమాలుతో, ఒకరు టోపీతో, ఇద్దరు కొంగులతో. అందుకే ఇది ఇంట్లోదని ఎవరికీ తెలియలేదు. చివరికి దొరికిపోయింది పాపం ఆ కంపెనీ టోపీ.

మేనత్త చిన్నత్త తల వైపే చూస్తూ ఉంది. ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించనిది.

"నువ్వెన్నడు తట్ట మొయ్యలేదు గద చెల్లె?"

చిన్నత్త మోయలేదంది. చదువుకుంది, అంగన్‌వాడీలో చేరింది, నెత్తిన బరువు పెట్టుకున్నదే లేదు. మేనత్త నా వైపు తిరిగింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే ఆమెను అత్తగారు కూలికి పంపింది. రోడ్డు పని, ఇంటి పని, ఏది దొరికితే అది. ఏళ్లకేళ్లు మట్టి తట్టలు, ఇసుక తట్టలు నెత్తిన మోసింది. ముప్పై దాటకముందే జుట్టు పలచబడింది. అత్తగారు మోయించిన తట్టలే తన జుట్టు తిన్నాయని అప్పటినుంచీ అనుకుంటోంది. పని నెత్తికెక్కితే ఆడదాని జుట్టు పోతుందన్నది ఆమె బతుకులో నేర్చుకున్న పాఠం. అందుకే కోడలి టోపీని చూస్తే ఆమెకు తట్ట కనబడింది. సొంత అన్న బిడ్డకు తన గతి పట్టకూడదనుకుంది. ఇన్నాళ్లూ నేను ఆమెను మొండి అత్తగానే చూశాను. అది మొండితనం కాదు, భయం.

"మరి తట్టలు తియ్యలేదా సారూ నా ఎంటికలు?" అంది.

అబద్ధం చెప్పలేను, పూర్తిగా కొట్టిపారేయనూ లేను. బరువు రుద్దుకుని కొన్ని వెంట్రుకలు తెగి ఉంటాయి, కానీ పలచబడటం నీతో పుట్టిందమ్మా, తట్ట మోయకపోయినా ఈపాటికి ఇలాగే ఉండేది, నీ చెల్లె తల చూడు అన్నాను.

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఉత్తగనే తిట్టుకున్న మా అత్తను," అంది చివరికి. "ముసల్ది సచ్చిపోయిన్నాడు గూడ నాకు కండ్లల్ల నీళ్లు రాలే."

అమ్మాయి మెల్లగా ఆమె చేయి పట్టుకుంది. మేనత్త ఆ చేయి విడిపించుకుని కోడలి తల నిమిరి, పో బిడ్డ, నీ నౌకరి నువ్వు జేస్కో, టోపీ పెట్టుకునుడైతే గట్టిగ గుంజి కట్టకు అంది. ఆ తర్వాత వదిన వైపు చూసి, నీ ఎంటికలు ముడేసుకో ఇగ, దిష్టి తగులుతది అంది. ఇద్దరికీ అదే రాజీ. పోయేటప్పుడు అందరూ ఒక్క ఆటోలోనే పోయారు. కొత్త మందు సీసా అడిగి తీసుకుంది మేనత్తే.

జుట్టు సంగతి చెప్పకపోతే మీలో డాక్టర్లు ఊరుకోరు. అమ్మాయి మందు మానకుండా వాడింది. రాలడం తగ్గింది, కొంత ఒత్తుగా వచ్చింది, తల్లి జుట్టంత కాలేదు, కాదు కూడా. పుట్టుకతో వచ్చినదాన్ని బతిమాలుకోవచ్చు గానీ గెంటేయలేం. హెడ్ సిస్టర్ మర్నాడు కొప్పు లేకుండా, ఉన్న జుట్టునే చిన్న ముడి వేసుకుని వచ్చింది. నేను నోరు తెరవబోయాను. ఒక్క మాటన్నా అంటే నీకు ఇంజక్షన్ నేనే వేస్త అంది. ఇప్పుడు రాస్తున్నాను, ఆమెకు దూరంగా ఉన్నాను కాబట్టి.

ఆ ఏడు పెత్రమాస వెళ్లాక మేనత్త ఒక్కతే ఓపీకి వచ్చింది. చేతికి దురద అని వంక. కోడలు రాలేదేమంటే, డ్యూటీ ఉందని, పొద్దున్నే టోపీలో ఒదిగేటట్టు జడ తానే వేసి పంపుతున్నానని చెప్పింది. మందు తీసుకుని లేచింది, మళ్లీ కూర్చుంది.

పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు కదా. ఇన్నేళ్లూ అందరి పేరు మీద ఇచ్చింది గానీ అత్త పేరు మీద ఇవ్వలేదట. ఎవరైనా అడిగితే మరిచిపోయానని తప్పించుకునేదట.

"ఈసారి మా అత్తకు గూడ ఇచ్చిన సారూ," అంది. "బియ్యం, పప్పు, కూరగాయలు అన్ని పెట్టి, పక్కన కొబ్బరినూనె సీస గూడ పెట్టిన. ఆమె గూడ తట్టలు మోసిందే గద. ఆమె నెత్తి ఎట్లుండెనో నేనెన్నడు చూడలే."